మైనం కలిసిన ఇసుక మీద దౌడు

2007 ఏప్రిల్‌లో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, లెక్సింగ్టన్ నగరం అంచున ఉన్న కీన్‌లాండ్ రేసుకోర్సులో బ్లూగ్రాస్ స్టేక్స్ జరిగింది. తొమ్మిది ఫర్లాంగుల పందెం. మూడు వారాల్లో రాబోయే కెంటకీ డెర్బీకి ఏ గుర్రం సిద్ధంగా ఉందో తేల్చే పరీక్షగా దానికి పేరు. గేట్లు తెరుచుకున్నాయి, గుర్రాలు బయల్దేరాయి, కానీ జాకీలెవరూ తొందరపడలేదు. మొదటి నాలుగు ఫర్లాంగులకు 51 సెకన్లు దాటింది. ఆ స్థాయి గుర్రాలు మట్టి ట్రాక్ మీద అదే దూరాన్ని 47, 48 సెకన్లలో దాటేయడం మామూలు. చివరి మలుపు తిరిగాక మాత్రం అన్నీ ఒక్కుమ్మడిగా ఉరికాయి. నాలుగైదు గుర్రాలు దాదాపు ఒకే వరసలో గీత దాటాయి. స్ట్రీట్ సెన్స్ అనే గుర్రం ముక్కు తేడాతో డొమినికన్‌కి ఓడిపోయింది.

మూడు వారాల తరవాత చర్చిల్ డౌన్స్ రేసుకోర్సులో ఇరవై గుర్రాల కెంటకీ డెర్బీ. మొదట్లో దాదాపు అన్నిటికన్నా వెనకున్న స్ట్రీట్ సెన్స్ లోపలి కంచె పక్కనుంచి దూసుకొచ్చి గెలిచింది. అంతకు ముందు సంవత్సరం ఇదే చర్చిల్ డౌన్స్‌లో అది పది గుర్రాల పొడవు తేడాతో బ్రీడర్స్ కప్ జువెనైల్ గెలుచుకుంది. కీన్‌లాండ్‌లో మాత్రం రెండుసార్లు పరిగెత్తి రెండుసార్లూ ఓడింది. గుర్రం అదే, జాకీ అతనే. ఒకచోట కాలి కింద ఇసుకా బంకమన్నూ కలిసిన మట్టి. ఇంకోచోట మైనం పూసిన ఇసుక, ప్లాస్టిక్ పోగులు, రబ్బరు ముక్కలు.

ఆ రెండో నేల గురించే ఈ అధ్యాయం. గుర్రాల కాళ్ళు విరక్కుండా ఉండాలని దాన్ని తయారుచేశారు. ఆ పని అది చాలావరకు చేసింది కూడా. అయినా అమెరికాలోని పెద్ద రేసుకోర్సులు పదేళ్ళు తిరక్కుండా దాన్ని తవ్వి పారేసి మళ్ళీ మట్టి పోసుకున్నాయి. ఎందుకు పారేశాయో అర్థం కావాలంటే ముందు గుర్రం కాలు ఎలా పనిచేస్తుందో చూడాలి.

కాలి కింద ఏం జరుగుతుంది

గుర్రం ముందుకాలికి మోకాలుగా మనకు కనిపించేది నిజానికి మన మణికట్టుకు సమానమైన కీలు. దాని కింద కండ ఉండదనే చెప్పాలి. ఎముక, స్నాయువులు, చర్మం, అంతే. చివరి గిట్ట మన మధ్యవేలి గోరు లాంటి నిర్మాణమే. అంటే 450, 500 కిలోల జంతువు నాలుగు వేలికొనల మీద పరిగెడుతోంది. దౌడులో నాలుగు కాళ్ళూ విడివిడిగా నేల తాకుతాయి కాబట్టి, ఒక్కో క్షణంలో మొత్తం బరువు ఒక్క ముందుకాలి మీదే పడుతుంది. వేగం వల్ల ఆ భారం శరీర బరువుకు రెండున్నర రెట్ల దాకా పెరుగుతుంది. ఒక వేలి మీద టన్నుకు పైగా బరువన్నమాట. పందెపు గుర్రం ఒక్కో అంగకు సుమారు ఏడు మీటర్లు వెళ్తుంది. తొమ్మిది ఫర్లాంగుల పందెంలో ఒక్కో కాలు ఇలా 250 సార్లకు పైగా ఆ భారాన్ని మోస్తుంది.

ప్రతి అడుగులోనూ మూడు ఘట్టాలుంటాయి. మొదటిది తాకిడి. గిట్ట నేలను కొట్టి కొన్ని మిల్లీసెకన్లలో ఆగిపోతుంది, ఆ కుదుపు కంపనంగా ఎముకలోకి ఎక్కుతుంది. గిట్ట కాస్త ముందుకు జారితే ఆ ఆగడం నెమ్మదిస్తుంది, కుదుపు తగ్గుతుంది. రెండోది మోత. శరీరం కాలి మీదుగా దాటుతున్నప్పుడు గిట్ట పైనుండే కీలు నేలకు తగులుతుందా అన్నంతగా కిందికి వంగుతుంది. మూడోది తోపు. గిట్ట మొన నేలలో దిగి వెనక్కి తన్నుతుంది. అప్పుడు నేల పట్టు ఇవ్వాలి, జారిపోకూడదు.

అంటే నేల నుంచి గుర్రానికి కావలసినవి ఒకదానికొకటి సరిపడనివి. మొదట మెత్తగా ఉండాలి, కొంచెం జారనివ్వాలి, చివర్లో గట్టిగా పట్టి ఉండాలి. పచ్చికలో ఈ పని వేళ్ళు చేస్తాయి. అమెరికా మట్టి ట్రాక్‌లో పైన కొన్ని అంగుళాల వదులు మట్టి, దాని కింద దిమ్మిస కొట్టిన గట్టి పొర ఉంటాయి. గిట్ట పైపొరను చీల్చుకుని కింది పొరను కొడుతుంది. పైపొర ఎంత మెత్తగా ఉంటుందన్నది దాదాపు పూర్తిగా తేమ మీద ఆధారపడుతుంది. పొద్దున నీళ్ళ ట్యాంకరు ఎన్నిసార్లు తిరిగింది, మధ్యాహ్నం గాలి ఎంత వీచింది, మూల మీద నీడ ఎంతసేపుంది అన్నవన్నీ గుర్రం ఎముకకు సంబంధించిన విషయాలే.

ఎముక సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే టీవీలో గుర్రం కుప్పకూలడం చూసినవాళ్ళు అదేదో ఒక్క తప్పటడుగు ఫలితం అనుకుంటారు. కాలిఫోర్నియాలో 1990 నుంచి రేసుకోర్సు ప్రాంగణంలో చనిపోయిన ప్రతి గుర్రానికీ శవపరీక్ష చేస్తున్నారు. డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సూసన్ స్టోవర్ బృందం ఏళ్ళ తరబడి ఆ ఎముకలను పరిశీలించి చూపించిన విషయం ఏమిటంటే, విరిగిన చోట చాలావాటిలో అప్పటికే పాత దెబ్బలున్నాయి. పరుగు శిక్షణలో ఎముకలో వెంట్రుకంత సన్నని పగుళ్ళు పడతాయి. శరీరం వాటిని బాగుచేస్తుంది, కానీ ఆ బాగుచేయడంలో ముందు దెబ్బతిన్న భాగాన్ని తొలిచి తీసేస్తుంది, తరవాతే కొత్త ఎముకను నింపుతుంది. ఆ మధ్యనున్న వారాల్లో ఎముక బలహీనంగా ఉంటుంది. గుర్రం కుంటదు, నొప్పి బయటపడదు, పందెంలో దించుతారు. ప్రతి అడుగు కుదుపునూ నేల కొంచెం తగ్గించగలిగితే, ఆ కొంచెం కొన్ని వేల అడుగుల మీద లెక్కకు వస్తుంది.

ఇసుక, మైనం, పోగులు

ఈ కొత్త నేల పుట్టింది పందేల కోసం కాదు, శిక్షణ కోసం. ఇంగ్లండ్‌లో మార్టిన్ కాలిన్స్ 1980ల చివర్లో ఒక ట్రైనర్ దగ్గర దౌడు దారిగా పాలిట్రాక్ వేశాడు. ఇంగ్లండ్‌లో చలికాలం పచ్చిక గడ్డకడుతుంది, వానకు బురదవుతుంది. పందేలు రద్దయితే బెట్టింగ్ దుకాణాలకు పనుండదు. అందుకే 1989లో లింగ్‌ఫీల్డ్, సౌత్‌వెల్ రేసుకోర్సులు అన్ని వాతావరణాలకూ పనికొచ్చే ఇసుక ట్రాక్‌లతో పందేలు మొదలుపెట్టాయి. లింగ్‌ఫీల్డ్ 2001లో పాలిట్రాక్‌కి మారింది. అమెరికాలో అంతకు ముందే, 1988లో, ఓక్లహోమాలోని రెమింగ్టన్ పార్క్ ఒక కృత్రిమ (సింథటిక్) ట్రాక్ వేసి మూడేళ్ళకే మానుకుంది. అసలు ఊపు 2005లో కెంటకీలోని టర్ఫ్‌వే పార్క్ పాలిట్రాక్ వేసుకోవడంతో వచ్చింది. మరుసటి సంవత్సరం కీన్‌లాండ్, కెనడాలోని వుడ్‌బైన్ అదే దారి పట్టాయి.

పాలిట్రాక్, టపేటా, కుషన్ ట్రాక్, ప్రో-రైడ్ అని రకరకాల పేర్లున్నా వంటకం దాదాపు ఒకటే. ముప్పాతిక పైన సిలికా ఇసుక. ప్రతి రేణువుకూ పలుచగా మైనం పూత. మధ్యలో పాలిప్రొపిలీన్ పోగులు, సాగే బట్టల పోగులు, రబ్బరు తునకలు, కొన్నిటిలో పాత కేబుళ్ళ పై తొడుగు ముక్కలు. చేతిలోకి తీసుకుని నొక్కితే సున్నుండల పిండిలా ముద్ద కడుతుంది, వదిలితే విడిపోతుంది. నెయ్యి చేసే పనిని ఇక్కడ మైనం చేస్తుంది. పోగులు గడ్డివేళ్ళ వంతు పని చూసుకుంటాయి.

తెలివంతా పైన కనిపించే పొరలో లేదు, కింద ఉంది. మట్టి ట్రాక్‌లో బంకమన్ను ఉండటం వల్ల నీరు కిందికి దిగదు, పక్కకు జారిపోవాలి. అందుకే ట్రాక్‌ను వాలుగా కడతారు, వాన వస్తుందంటే పైన రోలర్ తిప్పి గట్టిగా మూసేస్తారు. ఆ మూసిన నేల వేగంగా ఉంటుంది, గట్టిగానూ ఉంటుంది. కృత్రిమ ట్రాక్‌లో మైనం పూసిన ఇసుక నీటిని పీల్చుకోదు. నీరు నేరుగా దిగి, రంధ్రాలున్న తారు పొర గుండా కంకరలోకి, అక్కణ్ణుంచి గొట్టాల్లోకి పోతుంది. వాన వచ్చినా పందెం పందెంలాగే సాగుతుంది. కనీసం అలా సాగాలి.

అన్నిచోట్లా సాగలేదు. లాస్ ఏంజలస్ దగ్గర శాంటా అనీటాలో 2007లో వేసిన కుషన్ ట్రాక్‌లో నీరు కిందికి దిగలేదు. 2008 జనవరి వానలకు రోజుల తరబడి పందేలు రద్దయ్యాయి. ఎండ కూడా సమస్యే. మైనంలో కొన్ని అంశాలు మధ్యాహ్నపు ఎండ వేడికే మెత్తబడతాయి. పొద్దున చల్లని వేళ శిక్షణకు వచ్చిన గుర్రానికీ, మధ్యాహ్నం అదే చోట పందెంలో దిగిన గుర్రానికీ కాలి కింద ఒకే నేల ఉండదు. దక్షిణ కాలిఫోర్నియాలో సముద్రం ఒడ్డునున్న డెల్ మార్‌లో 2007 వేసవిలో ట్రైనర్లు గట్టిగా ఫిర్యాదు చేసింది దీని గురించే. ఈ ట్రాక్‌కు చాకిరీ అక్కర్లేదని అమ్మినవాళ్ళు చెప్పిన మాట నిలబడలేదు. దున్నాలి, కలపాలి, ఎండాకాలం నీళ్ళు చల్లాలి, మైనం తగ్గితే మళ్ళీ పట్టించాలి.

మైన్ విశ్వవిద్యాలయంలో పనిచేసి తరవాత కెంటకీకి వచ్చిన ఇంజనీరు మిక్ పీటర్సన్ ఈ నేలలను కొలవడానికి ఒక యంత్రం తయారుచేశాడు. వాలు పట్టాల మీదుగా ఒక ఉక్కు గిట్ట జారివచ్చి, దౌడు తీసే ముందుకాలు ఎంత బలంతో, ఏ వాలులో తాకుతుందో అలాగే నేలను కొడుతుంది. ట్రాక్ చుట్టూ చోటు చోటునా కొట్టి, ఎంత మెత్తన, ఎంత పట్టు అని రాసుకుంటారు. గుర్రాల మీద చేసిన కొలతలు కూడా ఉన్నాయి. డేవిస్ బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో, లాడంలో కొలమానాలు బిగించిన గుర్రాలను మట్టి, పచ్చిక, సింథటిక్ మూడింటి మీదా పరిగెత్తించారు. గిట్టకు తగిలిన కుదుపు సింథటిక్ మీద తక్కువగా వచ్చింది. పరీక్షించినవి మూడే గుర్రాలు, కాబట్టి దాని మీదే పెద్ద మేడ కట్టకూడదు. ఫ్రాన్సులో జట్కా పందేల గుర్రాల మీద ఇలాగే చేసిన కొలతలు కూడా అటువైపే చూపించాయి.

వేగమంటే ఏమిటో మారిపోయింది

ఇప్పుడు బ్లూగ్రాస్ స్టేక్స్‌లోని 51 సెకన్లకు వద్దాం. సింథటిక్ నేల గుర్రాన్ని నెమ్మది చేసిందా? కొంతవరకే. ఎక్కువ పని చేసింది జాకీల బుర్రలు.

మట్టి పందెంలో ముందున్న గుర్రం గిట్టలు వెనకవాటి ముఖాన మట్టిపెళ్ళలు విసురుతాయి. జాకీలు నాలుగైదు కళ్ళజోళ్ళు ఒకదాని మీద ఒకటి పెట్టుకుని, బురద పట్టినకొద్దీ ఒక్కోటి కిందికి లాగేసుకుంటూ వెళ్తారు. గుర్రానికి ఆ సౌకర్యం లేదు. చాలా గుర్రాలు ఆ దెబ్బలకు తల తిప్పేసుకుంటాయి. అందుకని అమెరికా పద్ధతి ఏమిటంటే, గేటు తెరవగానే ముందుకు ఉరకడం, అలసినా సరే ఆ ముందంజను కాపాడుకోవడం. మట్టి పందెంలో చివరి రెండు ఫర్లాంగులే సాధారణంగా అన్నిటికన్నా నెమ్మది. ఎవరు ఎక్కువ వేగం తెచ్చుకున్నారన్నది కాదు, ఎవరు తక్కువగా నెమ్మదించారన్నది అక్కడ పోటీ.

సింథటిక్ మీద ఎగిరిపడేది తక్కువ, పచ్చిక మీద మరీ తక్కువ. వెనకున్న గుర్రం ముందుదాని చాటున గాలి తగలకుండా హాయిగా నడుస్తుంది. ఊపిరితో తెచ్చుకునే ఆక్సిజన్‌తోనే పని జరుగుతున్నంతసేపు కండరంలో అలసట పేరుకోదు. చివరి రెండు ఫర్లాంగుల కోసం దాచుకున్న శక్తంతా అప్పుడు బయటికి తీస్తుంది. మట్టి మీద ఛాంపియన్ అయ్యేందుకు కావలసిన శరీరం, సింథటిక్ మీద కావలసిన శరీరం కొంచెం వేరు. మొదటిదానికి ఊపిరాడనంత వేగాన్ని చాలాసేపు భరించే ఓర్పు కావాలి. రెండోదానికి నిలకడగా వచ్చి చివర్లో గేరు మార్చే గుణం కావాలి. పచ్చిక మీద రాణించిన వంశాల పిల్లలు సింథటిక్ మీద బాగా పరిగెత్తడానికి కారణం ఇదే.

దీని మీద నమ్మకం అనే ఇంకో పొర పడుతుంది. 2006కి ముందు కీన్‌లాండ్ మట్టి ట్రాక్‌లో లోపలి కంచెను పట్టుకుని ముందు పరిగెత్తిన గుర్రమే గెలుస్తుందని పేరుండేది. అందుకని అందరూ మొదట్లోనే తోసుకునేవారు. పాలిట్రాక్ వచ్చాక ముందున్న గుర్రం చివర్లో చచ్చిపోతుందని మాట పాకింది. అందరూ కళ్ళేలు బిగించారు. అందరూ బిగిస్తే పందెం మొదట్లో నడకలా సాగుతుంది, చివర్లో గుంపుగా ఉరుకుతుంది. ఆ గుంపును చూసి ఈ నేల స్వభావమే ఇదని జనం అనుకున్నారు. నేల చేసిన పని ఎంత, భయం చేసిన పని ఎంత అన్నది విడదీయడం కష్టం. ఇంగ్లండ్‌లో లింగ్‌ఫీల్డ్‌లోనూ చెమ్స్‌ఫోర్డ్‌లోనూ ఉన్నది పాలిట్రాకే. లింగ్‌ఫీల్డ్ పందేలు చివరి మలుపు దాకా ఆగి ఉరికే పందేలుగా పేరుపడ్డాయి, చెమ్స్‌ఫోర్డ్‌లో ముందున్నవాటికి మేలని పేరు. మలుపుల వాలు, చివరి దారి పొడవు, జాకీల అలవాట్లు కూడా నేలలో భాగమేనని నేను అనుకోవడానికి ఇదో కారణం.

పందెం కాసేవాళ్ళ లెక్కలు

అమెరికా రేసుల్లో పందెపు డబ్బు అంతా ఒక కుండలో పడుతుంది. నిర్వాహకులు అందులోంచి తమ వంతు తీసుకుంటారు. పందెం రకాన్ని బట్టి అది నూటికి పదిహేను నుంచి పాతిక దాకా ఉంటుంది. మిగిలింది గెలిచిన టికెట్ల వాళ్ళు పంచుకుంటారు. అంటే పందెం కాసే పంటర్ పోటీ పడేది గుర్రంతో కాదు, రేసుకోర్సుతోనూ కాదు, సాటి పంటర్లతో. గుర్రం గెలుస్తుందా అన్న ప్రశ్నకు ఎంత విలువుందో, జనం దాన్ని ఎంత తప్పుగా అంచనా వేశారన్న ప్రశ్నకూ అంతే విలువుంది.

ఆ అంచనాకు అమెరికాలో ఆధారం స్పీడ్ ఫిగర్. ఆండ్రూ బేయర్ 1975లో తన పుస్తకంతో జనంలోకి తెచ్చిన ఈ పద్ధతి 1992 నుంచి డెయిలీ రేసింగ్ ఫామ్‌లో ప్రతి గుర్రం పేరు పక్కనా అచ్చవుతోంది. గుర్రం పరిగెత్తిన కాలాన్ని తీసుకుని, ఆ రోజు ట్రాక్ ఎంత వేగంగా ఉందో ఆ మేరకు సవరించి, ఒక అంకెగా చేస్తారు. న్యూయార్క్‌లో 95 తెచ్చుకున్న గుర్రాన్నీ ఫ్లోరిడాలో 90 తెచ్చుకున్న గుర్రాన్నీ పోల్చవచ్చు. మట్టి మీద ఇది అద్భుతంగా పనిచేసింది, ఎందుకంటే అక్కడ గుర్రాలు మొదటినుంచి శక్తినంతా పెట్టేస్తాయి, గడియారం వాటి సత్తాను చూపిస్తుంది. సింథటిక్ మీద మొదటి సగం మెల్లిగా సాగితే మొత్తం కాలం చెప్పేది జాకీల ఓపికను గురించే. మంచి గుర్రానికీ మామూలు గుర్రానికీ మధ్య అంకెల్లో దూరం తగ్గిపోయింది. పాతికేళ్ళు కష్టపడి నేర్చుకున్న విద్య ఒక్కసారిగా సగం విలువకు పడిపోయినట్టయింది పంటర్లకు. బేయర్ స్వయంగా సింథటిక్ ట్రాక్‌లను గట్టిగా విమర్శించినవాళ్ళలో ఒకరు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అది గుర్రం కాలికి సంబంధించిన బాధ కాదు.

2008 బ్రీడర్స్ కప్ క్లాసిక్ శాంటా అనీటాలో, కొత్తగా వేసిన ప్రో-రైడ్ మీద జరిగింది. ముందటి సంవత్సరం హార్స్ ఆఫ్ ద ఇయర్ అయిన కర్లిన్ మీద జనం ఎంత డబ్బు పెట్టారంటే, గెలిస్తే రూపాయికి రూపాయి కూడా లాభం రాని స్థితి. కర్లిన్ ఘనతంతా మట్టి మీద సాధించింది. గెలిచింది ఇంగ్లండ్‌లో జాన్ గాస్డన్ శిక్షణలో పచ్చిక మీద పెరిగిన రేవెన్స్ పాస్. దాని ధర పదమూడుకు ఒకటి. రెండో స్థానం ఐర్లండ్ నుంచి వచ్చిన హెన్రీదనావిగేటర్‌ది. కర్లిన్ నాలుగోది. మట్టి అంకెలను సింథటిక్‌కి మోసుకొచ్చిన వాళ్ళు నష్టపోయారు.

పొరపాటు అటు నుంచి ఇటు కూడా జరిగింది. 2011లో యానిమల్ కింగ్‌డమ్ టర్ఫ్‌వే పాలిట్రాక్ మీద స్పైరల్ స్టేక్స్ గెలిచి, అంతకు ముందెన్నడూ మట్టి మీద పందెం పరిగెత్తకుండానే కెంటకీ డెర్బీకి వచ్చింది. ప్లాస్టిక్ గుర్రమని జనం పక్కన పెట్టారు. ఇరవైకి ఒకటి ధరకు గెలిచింది. 2022లో ఎనభైకి ఒకటి ధరతో డెర్బీ గెలిచిన రిచ్ స్ట్రైక్ కూడా దానికి సరిగ్గా ముందున్న పందేలు టర్ఫ్‌వేలో టపేటా మీదే పరిగెత్తింది. ఐతే ఆ రోజు ముందున్న గుర్రాలు విపరీతమైన వేగంతో తమను తామే దహించుకున్నాయి కాబట్టి, ఆ గెలుపు మొత్తాన్నీ జనం టపేటాను చిన్నచూపు చూసిన దానికే అంటగట్టడం న్యాయం కాదు. సింథటిక్ మీద బాగా పరిగెత్తిన గుర్రం మట్టికి పనికిరాదని అనడం ఎంత తప్పో, పనికొస్తుందని ఊరికే నమ్మడమూ అంతే తప్పు.

ఇలాంటి అవకాశాలు ఎక్కువ కాలం నిలవవు. ఒక పందెపు కాలమో రెండో గడిచేసరికి అందరికీ తెలిసిపోతుంది. పచ్చిక వంశాల గుర్రాల ధర పడిపోతుంది, తెలివైనవాడికి వచ్చే అదనపు లాభం ఆవిరవుతుంది. నేలను మార్చిన ప్రతిసారీ కొన్ని నెలలపాటు మళ్ళీ గందరగోళం, మళ్ళీ అవకాశం.

రేసుకోర్సు కోణంలో ఇంకో లెక్క ఉంది. వాన పడి పచ్చిక పందేన్ని మట్టి మీదికి మారిస్తే సగం గుర్రాలను యజమానులు వెనక్కి తీసుకుంటారు. సింథటిక్ మీదికి మారిస్తే చాలావరకు ఉంటాయి. ఎక్కువ గుర్రాలుంటే ఎక్కువ పందేలు పడతాయి. హైదరాబాద్ మలక్‌పేటలో వానాకాలపు పందేలు చూసినవాళ్ళకు నేల మెత్తబడితే గుర్రాల వరస ఎలా తారుమారవుతుందో కొత్తగా చెప్పనక్కర్లేదు. మన దేశంలో పెద్ద పందేలన్నీ పచ్చిక మీదే. 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందేన్ని అదృష్టం కన్నా నైపుణ్యం ఎక్కువగా ఉన్న ఆటగా గుర్తించింది. ఆ నైపుణ్యంలో నేలను చదవడం పెద్ద భాగం.

ఎదురుపడని రెండు గుర్రాలు

కాలిఫోర్నియా రేసింగ్ బోర్డు 2006లో ఒక ధైర్యమైన పని చేసింది. రాష్ట్రంలోని పెద్ద రేసుకోర్సులన్నీ 2007 చివరికల్లా సింథటిక్ ట్రాక్ వేసుకోవాలని ఆదేశించింది. గుర్రాల చావులు పెరుగుతున్నాయన్నది కారణం. ఒక్కో ట్రాక్‌కు కోటి డాలర్ల దాకా ఖర్చయింది. హాలీవుడ్ పార్క్, శాంటా అనీటా, డెల్ మార్, గోల్డెన్ గేట్ అన్నీ వేశాయి, కానీ నాలుగు చోట్లా ఒకే రకం వేయలేదు. ఏది ఏ వాతావరణానికి నప్పుతుందో పరీక్షించే వ్యవధి లేదు. మంచి ఉద్దేశానికి తొందర చేసిన చెరుపు ఇది. శాంటా అనీటాలో నీరు దిగని ఆ జనవరి, ప్రత్యర్థులకు ఎన్నాళ్ళో వాడుకునే ఆయుధమైంది.

2009లో అమెరికాలో రెండు ఆడగుర్రాలు దేశాన్ని ఊపేశాయి. ఒకటి రేచల్ అలెగ్జాండ్రా. మట్టి మీద మగగుర్రాలను ఓడించి ప్రీక్‌నెస్ స్టేక్స్ పందెం గెలిచింది. రెండోది కాలిఫోర్నియా జెన్యాటా, అప్పటికి ఓటమి ఎరగనిది. రెండూ ఆ సంవత్సరం సింథటిక్ మీద జరిగే బ్రీడర్స్ కప్ క్లాసిక్‌లో తలపడితే చూడాలని అందరూ ఎదురుచూశారు. రేచల్ యజమాని జెస్ జాక్సన్ ప్లాస్టిక్ మీద తన గుర్రాన్ని దించనని చెప్పేశాడు. ఆయనే కర్లిన్‌కీ యజమాని. జెన్యాటా ఆ క్లాసిక్‌ను అన్నిటికన్నా వెనకనుంచి వచ్చి గెలిచింది. హార్స్ ఆఫ్ ద ఇయర్ మాత్రం రేచల్‌కు దక్కింది. అవి రెండూ ఎప్పుడూ ఎదురుపడలేదు.

జెన్యాటా 20 పందేల్లో 19 గెలిచింది. ఆ పంతొమ్మిదిలో పదిహేడు సింథటిక్ మీద. 2010లో చర్చిల్ డౌన్స్ మట్టి మీద చివరి పందెం పరిగెత్తింది. మొదట్లో ముఖాన మట్టి పడుతుంటే ఎక్కడో వెనకబడిపోయి, చివర్లో అంత దూరాన్నీ కరిగించుకుంటూ వచ్చి, తల తేడాతో బ్లేమ్‌కి ఓడింది. సింథటిక్ గుర్రమని ఆమెను తక్కువ చేసినవాళ్ళకు ఆ ఓటమి రుజువుగా కనిపించింది. నాకైతే ఆ చివరి రెండు ఫర్లాంగులు అలాంటి మాటలన్నిటికీ జవాబుగా కనిపిస్తాయి.

తవ్వి పారేశాక

శాంటా అనీటా 2010 చివర్లో మళ్ళీ మట్టికి వచ్చింది. కీన్‌లాండ్ 2014లో, డెల్ మార్ 2015లో. దుబాయ్‌లోని మేదాన్ కూడా 2010 నుంచి టపేటా మీద ప్రపంచకప్ నడిపి, అమెరికా గుర్రాలు రావడం తగ్గిపోయాక 2015 ప్రపంచకప్ నాటికి మట్టి పోసింది. కీన్‌లాండ్ కారణం సూటిగా ఉంది. డెర్బీ మట్టి మీద జరుగుతుంది. డెర్బీ గెలవాలనుకునే యజమాని తన గుర్రాన్ని మైనం మీద పరీక్షించడు. మట్టి వేసిన మరుసటి సంవత్సరమే కీన్‌లాండ్‌కు తొలిసారి బ్రీడర్స్ కప్ వచ్చింది. ఆ సంవత్సరం ట్రిపుల్ క్రౌన్ గెలిచిన అమెరికన్ ఫారో అక్కడే క్లాసిక్ గెలిచింది. వ్యాపారంగా ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేం.

ఐతే ఇంకో ఖాతా కూడా నడుస్తోంది. అమెరికా జాకీ క్లబ్ 2009 నుంచి పందేల్లో ప్రాణం తీసిన గాయాల లెక్క ప్రచురిస్తోంది. వాటిని గ్లాస్గోలో పనిచేసిన పశువైద్య శాస్త్రవేత్త టిమ్ పార్కిన్ విశ్లేషిస్తూ వచ్చాడు. ఆ లెక్కల్లో సింథటిక్ మీద చావులు మట్టి మీదకన్నా తక్కువగా ఉంటూ వచ్చాయి. 2023లో వెయ్యి పరుగులకు మట్టి మీద 1.43, పచ్చిక మీద 1.13, సింథటిక్ మీద 0.97. మట్టి మీద చనిపోతున్న ప్రతి మూడు గుర్రాల్లో ఒకటి బతికే తేడా ఇది. ఈ అంకెలను జాగ్రత్తగా చదవాలి. ఏ రాష్ట్రంలో ఏ స్థాయి గుర్రాలు పరిగెడుతున్నాయి, పశువైద్యుల తనిఖీ ఎంత గట్టిగా ఉంది అన్నవి కూడా లోపల కలిసి ఉంటాయి. సింథటిక్ మీద వెనకకాళ్ళ గాయాలు, స్నాయువుల గాయాలు ఎక్కువని కాలిఫోర్నియా ట్రైనర్లు చెప్పిన మాటను కొట్టిపారేయలేం. గిట్టను జారనివ్వని పట్టు ఏదో ఒకచోట భారం పెడుతుంది. కానీ ఇన్నేళ్ళుగా అటే మొగ్గుతున్న తేడాను కాకతాళీయం అనడం నాకు నిజాయితీగా తోచదు.

2018 డిసెంబరు చివర మొదలై 2019 జూన్ దాకా సాగిన పందెపు కాలంలో, మట్టికి తిరిగొచ్చిన శాంటా అనీటాలో 30 గుర్రాలు చనిపోయాయి. ఆ చలికాలం దక్షిణ కాలిఫోర్నియాలో అసాధారణంగా వానలు పడ్డాయి. ట్రాక్‌ను మాటిమాటికీ మూసి, తెరిచి, మళ్ళీ మూశారు. నేల ఒక్కటే హంతకి అనలేం. ఆ తరవాత మందుల మీద ఆంక్షలు, పందేనికి ముందు పశువైద్య పరీక్షలు బిగించాక అదే మట్టి మీద చావులు బాగా తగ్గాయి. దేశం మొత్తం మీద 2009లో వెయ్యికి 2.00గా ఉన్న అంకె 2023కి 1.32కి దిగింది. గుర్రాన్ని పరీక్షించి ఆపగలిగితే మట్టి కూడా అంత చెడ్డది కాదనడానికి ఇది బలమైన వాదన. అదే పరీక్షలతో పాటు మెత్తని నేల కూడా ఉంటే ఇంకెన్ని గుర్రాలు మిగిలేవన్న ప్రశ్నకు మాత్రం ఆ వాదనలో జవాబు లేదు.

సింథటిక్ పూర్తిగా పోలేదు. వుడ్‌బైన్ వదల్లేదు, 2016లో పాలిట్రాక్ తీసి టపేటా వేసుకుంది. టర్ఫ్‌వే 2020లో అదే చేసింది. ఫ్లోరిడాలోని గల్ఫ్‌స్ట్రీమ్ పార్క్ 2021లో మట్టి, పచ్చికలతో పాటు టపేటా కూడా వేసి మూడు నేలలున్న రేసుకోర్సయింది. న్యూయార్క్‌లో బెల్‌మాంట్ పార్క్‌ను పూర్తిగా తిరగకట్టే ప్రణాళికలో చలికాలపు పందేల కోసం ఒక మైలు సింథటిక్ ట్రాక్ ఉంది. దాని చుట్టూ పెద్ద మట్టి ట్రాక్ ఉంటుంది. బెల్‌మాంట్ స్టేక్స్ మట్టి మీదే జరుగుతుంది. చలికాలంలో పరిగెత్తేవి ఎక్కువగా చవక గుర్రాలు, పేరులేని గుర్రాలు, నెలకు రెండుమూడుసార్లు దిగి యజమాని దాణా ఖర్చు సంపాదించే గుర్రాలు. మెత్తని నేల ముందుగా వాటికి దక్కుతోంది. లక్షల డాలర్లు పోసి కొన్న గుర్రాలు, విత్తనపు గుర్రంగా విలువ తెచ్చుకోవాలంటే మట్టి మీదే గెలవాల్సిన గుర్రాలు, వేసవిలో పక్కనున్న గట్టి నేల మీదికి వెళ్తాయి.